రబ్బరు చేప తిన్నగా ఉంటేనే పండుగప్ప పడేది!

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్లు వచ్చేశాయి. జిగ్ హెడ్లూ వచ్చాయి. ఆదివారం తెల్లారకముందే లేచి, బండేసుకుని పాయ గట్టుకు చేరారు. రబ్బరు చేపను కొక్కేనికి గుచ్చి, విసిరి, రీల్ తిప్పితే... అది ఈదట్లేదు, బొంగరంలా గిరగిరా తిరుగుతోంది! పది విసుర్లకే లైన్ మెలికలు తిరిగి చిక్కుపడింది. పక్కనే వెదురు గాలంతో కూర్చున్న తాత మాత్రం మూడు చేపలు సంచిలో వేసుకుని, మిమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు.

తప్పు లూర్‌ది కాదు, రాడ్‌ది అంతకన్నా కాదు. గుచ్చడంలో ఉంది. సరిచేసుకోవడం రెండు నిమిషాల పనే.

అసలేంటీ జిగ్ హెడ్?

కొక్కెం మెడ దగ్గర సీసం ముద్ద పోతపోస్తే అదే జిగ్ హెడ్. బరువూ కొక్కెమూ ఒకే వస్తువన్నమాట. దానికి తొడిగే మెత్తటి రబ్బరు చేపే సాఫ్ట్ ప్లాస్టిక్. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన ప్లాస్టిక్ వానపామును తయారుచేశాడు. ఇప్పుడు షాపుల్లో కనిపించే రకరకాల రబ్బరు ఎరలు ఆ దారిలో వచ్చినవే. తోక చివర చిన్న తెడ్డులా ఉంటే ప్యాడిల్ టెయిల్, కొడవలిలా వంపు తిరిగి ఉంటే కర్లీ టెయిల్.

కృష్ణా, గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీరూ మంచినీరూ కలిసిన పాయల్లో పండుగప్పకు ఈ ఎర బాగా పనికొస్తుంది. మొదటిసారైతే 3 లేదా 4 అంగుళాల ప్యాడిల్ టెయిల్, 7 నుంచి 14 గ్రాముల జిగ్ హెడ్ తీసుకోండి. లోతు గానీ నీటి వడి గానీ ఎక్కువుంటే బరువు పెంచండి. అభయారణ్యాల పరిధిలో అయితే ముందుగా అటవీ శాఖ వాళ్లను అడగకుండా గాలం వేయొద్దు.

గుచ్చే ముందు కొలవండి

అందరూ వదిలేసేది ఈ పనినే. జిగ్ హెడ్‌ను రబ్బరు చేప పక్కన ఆనించి పెట్టండి. చేప ముక్కు సీసం ముద్ద వెనక అంచుకు రావాలి. ఇప్పుడు కొక్కెం వంపు తిరిగే చోటు చేప వీపు మీద ఎక్కడికొస్తుందో చూసి, అక్కడ బొటనవేలి గోరుతో చిన్న గాటు పెట్టండి. కొక్కెం మొన బయటికి రావాల్సింది సరిగ్గా అక్కడే. ఆ గాటు చేప పొడవులో సగం దాటి తోక వైపు వెళ్లిందా? ఆ కొక్కెం ఈ చేపకు పెద్దదైపోయినట్టే. తోక ఆడదు.

ఇక గుచ్చడం. మొనను ముక్కు నడిమధ్యలో దింపండి. కొక్కేన్ని తోయకండి, రబ్బరు చేపనే కొక్కెం మీదకు కొద్దికొద్దిగా జరపండి... లంగా నాడా ఎక్కించినట్టు. మొన ఏ పక్కకూ పోకుండా నడుమనే నడవాలి. గాటు దగ్గరికి రాగానే వీపు మధ్య గీత మీద బయటికి తీయండి. చివరగా ముక్కును సీసానికి ఆనేదాకా లాగండి. సీసం మెడకు ఒక్క చుక్క సూపర్ గ్లూ రాసి తోస్తే, చేప కొరికినా రబ్బరు కిందికి జారదు.

ఇప్పుడు పైనుంచి చూడండి. తలనుంచి తోకదాకా ఒకే గీతలా ఉందా? వీపు గూనిలా లేచిందంటే మొన గాటు దగ్గర బయటికి రాలేదన్నమాట. ముడతలు పడి లాగినట్టున్నా అంతే. ఒళ్లు వంగితే అదే చుక్కానిలా పనిచేసి నీళ్లలో ఎరను ఒక పక్కకు తిప్పేస్తుంది. బొంగరం రహస్యం అదే! మొహమాటపడకుండా తీసి మళ్లీ గుచ్చండి. విసిరే ముందు గట్టు పక్కనే నీళ్లలో ఒకసారి లాగి, తోక కొట్టుకుంటోందో లేదో చూసుకోండి.

విసిరాక తొందరొద్దు

ఎరను అడుగుకు దిగనివ్వండి. రాడ్ మొన పైకెత్తి, రీల్ రెండు చుట్లు తిప్పి, మళ్లీ దిగనివ్వండి. చాలాసార్లు చేప అందుకునేది ఎర కిందికి జారుతున్నప్పుడే. కాబట్టి లైన్ మరీ వదులైపోకుండా చూసుకోవాలి. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా కోస్తుంది. లైన్ చివర మందపాటి లీడర్ కట్టకపోతే చేపా పోతుంది, జిగ్గూ పోతుంది.

కొరమేను కోసం చెరువుకెళ్తే లెక్క వేరు. గుర్రపుడెక్క, తామరాకుల మధ్య మొన బయటికున్న జిగ్ ప్రతిసారీ ఇరుక్కుంటుంది. అక్కడ మెడ దగ్గర మెలిక ఉన్న ఆఫ్‌సెట్ కొక్కెం వాడి, మొనను రబ్బరు తోలు కిందే దాచేయాలి. అక్కడా రూల్ ఒకటే... తిన్నగా ఉండాలి.

మన పాయ మనమే చూసుకోవాలి

సరిగ్గా గుచ్చని రబ్బరు చేప జారిపోయి నీళ్లలోనే ఉండిపోతుంది. అది వానపాములా కుళ్లిపోయేది కాదు. చేప మింగితే కడుపులో అరగదు కూడా. చిరిగిన లూర్‌ను గట్టు మీద పారేసినా, వానొస్తే చేరేది ఆ నీళ్లలోకే. అందుకే బ్యాగులో ఒక ఖాళీ కవర్ పెట్టుకోండి, చిరిగినవన్నీ ఇంటికే తెచ్చేయండి. సీసం పట్టుకున్న చేతులతో టిఫిన్ తినొద్దు, ముందు సబ్బుతో కడుక్కోండి.

ఇంకో మాట. పండుగప్ప మొదట మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. అంటే బాగా పెద్ద చేప దొరికిందంటే, చాలావరకు అది గుడ్లు పెట్టే తల్లే. జిగ్‌కు ఉండేది ఒకే కొక్కెం కాబట్టి విప్పడం తేలిక. చేతులు తడుపుకుని పట్టుకోండి, ఒక ఫొటో తీసుకోండి, వదిలేయండి. ఫొటో మీ ఫోన్‌లో ఉంటుంది. దాని పిల్లలు మీ పాయలో ఉంటాయి.

వచ్చే ఆదివారం ఆ తాత మళ్లీ గట్టు మీదే ఉంటాడు. ఈసారి ఆయన నవ్వే ముందే మీ లైన్ బిగుసుకోవాలి మరి!