వాట్లు తగ్గిస్తే ముప్పు తగ్గుతుందా?

హాస్టల్‌ గదిలో స్నేహితుడు వేప్‌ చేతికిచ్చి ‘వాట్లు తక్కువే పెట్టా, ఏం కాదులే’ అంటున్నాడా? ఒక్క నిమిషం ఆగండి. వాట్లు పెరిగితే కాయిల్‌ మరింత వేడెక్కుతుంది. వేడి మితిమీరితే ద్రవంలోని గ్లిజరిన్‌ లాంటివి విడిపోయి ఫార్మాల్డిహైడ్‌, అక్రోలిన్‌ వంటి విషాలు పుడతాయి. సెట్టింగ్‌ తగ్గించారా? ద్రవంలో ఉన్న నికోటిన్‌ ఎక్కడికీ పోదు. చాలక ఇంకాస్త పీలుస్తారు. అలవాటు ముదిరేది అలాగే.

పైగా మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల అమ్మకం, నిల్వ, రవాణా, ప్రచారం అన్నీ నేరమే. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘నాలుగు పీసులు అమ్మిపెట్టు, కమీషన్‌ ఇస్తా’ అనే పార్ట్‌టైమ్‌ ఆఫర్‌కు తలూపకండి. రేపు సర్కారు కొలువొచ్చాక పోలీస్‌ వెరిఫికేషన్‌లో ఆ కేసు ఎదురొస్తే, తగ్గించడానికి అక్కడ బటన్‌ ఉండదు!