పై కడుపు నొప్పి.. అంతా గ్యాస్ కాదు!

అల్లపల్లి: రొమ్ము కింద నొప్పి రాగానే 'గ్యాసే' అని ఓ గోలీ మింగేస్తాం. మలేరియా, సికిల్‌సెల్ రెండూ ఉన్న గడ్చిరోలి జిల్లాలో ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి ఎక్కడ, దాంతోపాటు ఇంకేముంది.. ఇవే కీలకం.

ఎడమ డొక్కలో..
మలేరియా పదేపదే వస్తే ప్లీహం వాస్తుంది. పెద్దలు 'బల్ల' అనేది దీన్నే. సికిల్‌సెల్ ఉన్న పిల్లల్లో అది ఒక్కసారిగా ఉబ్బి ముఖం పాలిపోతే గంటల్లోనే ప్రాణాపాయం.

కుడి పక్కటెముకల కింద..
చలిజ్వరం తోడైతే కాలేయంలో అమీబా చీముగడ్డ కావచ్చు. కలుషిత నీరే మూలం. కళ్లు పచ్చబడితే పిత్తాశయ రాళ్లని అనుమానించాలి. సికిల్‌సెల్ ఉంటే చిన్న వయసులోనే వస్తాయి.

నడిమధ్యలో..
మంట వారాల తరబడి ఉంటే పుండు కావచ్చు. దానికి బ్యాక్టీరియా కారణమని తేల్చిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది. మందులతో నయమవుతుంది. మలం నల్లగా వచ్చినా, నొప్పి వీపులోకి పాకి వాంతులైనా ఆగొద్దు. చెమటలు, ఆయాసం ఉంటే గుండెపోటేమో! వెంటనే ఈసీజీ తీయించాలి.

ఏం అడగాలి?
జ్వరముంటే మలేరియా రక్తపరీక్ష, అవసరమైతే సోనోగ్రఫీ. సికిల్‌సెల్ నిర్మూలనకు 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది. పరీక్ష చేయించుకుని కార్డు ఉన్నవారు డాక్టరుకు ముందు అదే చూపాలి.