హింసితునకు పరిహారము

హింసకు గురియైన మనుష్యునకు న్యాయము జరిగినదని ఎప్పుడు చెప్పవచ్చును? హింసించినవానికి శిక్ష పడినప్పుడా? జరిగినది నిజమేనని ప్రభుత్వము ఒప్పుకొన్నప్పుడా? లేక బాధితుని చేతికి కొంత పైకము ముట్టినప్పుడా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు నూట డెబ్బది యేండ్ల క్రిందట, మన తెలుగు జిల్లాలు పెక్కు చేరియుండిన మద్రాసు రాజధానిలో ఇది తలయెత్తినది. ఆ వృత్తాంతమును శ్రోతలకు క్లుప్తముగా మనవి చేయుదుము.

కంపెనీవారి పాలనలో రైతులవద్ద శిస్తు రాబట్టుట తహశీలుదారుని పని. 1816 నుండి పోలీసు అధికారము కూడ ఆతనికే సంక్రమించినది. రాబట్టువాడును, పట్టి బంధించువాడును ఒక్కడే అయినప్పుడు, పంట పండని యేట రైతు గతి ఏమగునో ఊహింపవచ్చును. కిట్టి అను సాధనము ఒకటి ఉండెడిది. రెండు కఱ్ఱల నడుమ చేతులనో వ్రేళ్లనో ఇఱికించి బిగించెడివారు. కొందఱిని వంగదీసి కట్టి, వీపుపై రాయి మోపి, ఎండలో నిలిపెడివారు. ఇది ఊరి కచ్చేరీ ముంగిటనే, నలుగురు చూచుచుండగనే జరిగెడిది.

ఈ ఘోరమును బయటపెట్టిన వారిలో తెలుగువాడగు గాజుల లక్ష్మీనరసు సెట్టి ముఖ్యుడు. ఆయన 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, పార్లమెంటునకు మహజరు పంపించెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సెమూర్ మద్రాసునకు రాగా, ఆయనకు జిల్లాల స్థితిగతులు చూపించెను. 1854 జూలైలో కామన్సు సభలో చర్చ జరిగినది. తత్ఫలితముగా ముగ్గురు సభ్యులతో ఒక విచారణసంఘము ఏర్పడినది. ఎలియట్, గుంటూరు కలెక్టరుగా పనిచేసిన స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ ఆ సభ్యులు.

సంఘమునకు 1,959 ఫిర్యాదులు అందినవి. 1855 ఏప్రిలులో వెలువడిన నివేదిక హింస ఉన్నమాట నిజమేనని నిస్సంశయముగా తేల్చినది. అయితే ప్రజల మొఱ దేశీయులగు చిన్న యుద్యోగులమీదనే గాని దొరలమీద కాదని చెప్పి, పైవారిని తప్పించినది. కాని అదే నివేదిక మఱియొక సత్యమును దాచలేదు. రైతు కలెక్టరునొద్దకు పోవలెనన్న దూరము, ఖర్చు, సేద్యమునకు నష్టము, తహశీలుదారు పగబట్టునను భయము. ఇన్నిటిని దాటి అర్జీ పెట్టుకొన్నను, అది విచారణకై మఱల ఆ తహశీలుదారునొద్దకే వచ్చెడిది! అట్టి దారిని ఏర్పఱచి ఉంచినవారు ఎవరు? ఈ ప్రశ్నకు సంఘము సమాధానము చెప్పలేదు.

ఫలితము లేకపోలేదు. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి, పోలీసుశాఖ రెవెన్యూనుండి వేఱుపడినది. 1860 నాటి శిక్షాస్మృతి, ఒప్పుదలకై గాని సొమ్ము రాబట్టుటకై గాని గాయపఱచుటను ప్రత్యేక నేరముగా చేసినది. శిస్తు బకాయికై హింసించెడి రెవెన్యూ ఉద్యోగినే అందులో ఉదాహరణముగా చూపిరి. 2024 జూలై 1 నుండి ఈ నేరము భారతీయ న్యాయసంహిత 120వ సెక్షను క్రిందికి వచ్చినది. పోలీసుతో చేసిన ఒప్పుదల సాక్ష్యముగా పనికిరాదని 1872 నాటి సాక్ష్యచట్టము శాసించినది.

కాని ఫిర్యాదు చేసికొన్న రైతుల మాట యేమి? సంఘమునకు అప్పగించిన పని విచారణయే. నలిగిన చేతులకు చికిత్స గాని, అమ్ముకొన్న పశువులకు బదులు గాని ఇచ్చు ఏర్పాటు అందు లేదు. సత్యము వ్రాతకెక్కినది, చట్టము మాఱినది, బాధితుడు మాత్రము వచ్చిన దారినే ఇంటికి పోయెను.

ఈ లోపమును లోకము గుర్తించుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 1984లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన హింసా నిషేధ ఒడంబడిక, 14వ అధికరణములో, బాధితునకు న్యాయమైన పరిహారము, సాధ్యమైనంతవఱకు సంపూర్ణ పునరావాసము హక్కులని చెప్పినది. 2005లో సమితి సర్వసభ్యసభ దీనిని అయిదు అంశములుగా విడదీసినది. పోయినదానిని తిరిగి యిచ్చుట, నష్టమునకు ధనమిచ్చుట, దేహమునకును మనస్సునకును చికిత్స, సత్యమును బహిరంగముగా ఒప్పుకొని గౌరవము నిలుపుట, మఱల జరుగకుండ కట్టుదిట్టము చేయుట. ఈ తూనికతో తూచినచో, 1855లో దక్కినవి చివరి రెండే, అవియును అసంపూర్ణముగ.

మన న్యాయస్థానములు ఈ దారిలో కొంత నడిచినవి. 1993లో నీలాబతీ బెహెరా కేసున, పోలీసు నిర్బంధమున కుమారుని కోల్పోయిన తల్లికి సుప్రీంకోర్టు 1,50,000 రూపాయలు ఇప్పించినది. ప్రాథమికహక్కును భంగపఱచిన రాజ్యము సార్వభౌమత్వమును అడ్డుపెట్టుకొనరాదని తేల్చినది. 1996లో డి.కె. బసు కేసున అరెస్టునకు నియమములు విధించినది. అరెస్టును బంధువునకు తెలుపవలెను, నిర్బంధమున ఉన్నంతకాలము 48 గంటలకొకమాఱు వైద్యపరీక్ష చేయింపవలెను. అయితే 1997లో ఒడంబడికపై సంతకము చేసిన మన దేశము దానిని ధ్రువీకరింపలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన హింసా నిరోధక బిల్లు చట్టము కాలేదు.

కావున పరిహారము నేటికిని బాధితుడు కోరి సాధించుకొనవలసినదిగనే ఉన్నది. గాయములు మానకముందే వైద్యుని పత్రము పొందుట, మేజిస్ట్రేటు ఎదుట హాజరుపఱచినప్పుడే జరిగినది చెప్పుట, ఏడాది దాటకుండ మానవహక్కుల కమిషనునకు వ్రాయుట ముఖ్యము. ఈ మూడు సంగతులు ప్రతి గృహస్థునకు తెలిసియుండవలెనని మా మనవి. అర్జీ మఱల ఆ తహశీలుదారు చేతికే పోకుండ కాపాడునది ఇట్టి యెఱుకయే.