హిమఖండమున హైదరాబాదు యంత్రము

దంతాలపల్లి బడిలో ప్రపంచపటము విప్పినచో అట్టడుగున తెల్లని ఖండమొకటి కనబడును. అది అంటార్కిటికా. తక్కిన ఖండములలో దేశమునకొక రంగు వేయుదురు. దీనికి సాధారణముగా రంగుండదు. ఎవరును కోరకపోవుటచేత కాదు. ఇందు భాగములు తమవని ఏడు దేశములు చెప్పుచున్నవి. బ్రిటన్, అర్జెంటీనా, చిలీ కోరిన భాగములైతే ఒకదానిమీద నొకటి పడుచున్నవి.

ఈ చిక్కుకు దారి చూపినది విజ్ఞానశాస్త్రము. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వరకు అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము జరిగినది (పేరునకు సంవత్సరమే గాని, పదునెనిమిది నెలలు!). అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదానినొకటి నమ్మని దినములవి. అయినను 1957 శీతకాలమున అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు గోర్డన్ కార్ట్‌రైట్ సోవియట్ కేంద్రమగు మిర్నీలోను, సోవియట్ శాస్త్రజ్ఞుడు రస్తోర్గుయేవ్ 'లిటిల్ అమెరికా' కేంద్రములోను గడిపిరి. ఒకరి కేంద్రముమీద వీచిన గాలియే మరియొకరి కేంద్రమునకు పోవును. సగము లెక్కలతో దాని రాకను చెప్పుటెట్లు?

1959 డిసెంబరు 1న పన్నెండు దేశములు వాషింగ్టనులో ఒడంబడిక చేసికొన్నవి. సైనిక చర్యలు, అణు విస్ఫోటనములు అచ్చట కూడవు. పరిశోధన ఫలితములు అందరికి అందవలెను. హక్కుల తగాదా మాత్రము తీరలేదు. గట్టు తగాదా ఇప్పటికి ఆపుడు, ముందు చెరువు పూడిక తీయుదము అని ఊరి పెద్దలు చెప్పినట్లే దానిని ఎక్కడిదక్కడ నిలిపిరి. 1982లో ఫాక్లాండ్ దీవులకై పోరాడిన బ్రిటన్, అర్జెంటీనా సైతము ఈ ఒడంబడికను వీడలేదు.

భారతదేశము 1983లో ఇందు చేరినది. తరువాత నెలకొల్పిన మన 'మైత్రి' కేంద్రమునకు కొద్ది కిలోమీటర్లలోనే రష్యా కేంద్రమున్నది. మైత్రిలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1997లో భూకంపమాపకమును నెలకొల్పినది.

అంత దూరమున ఆ యంత్రమెందుకు? భూకంపమునుండి ప్రాథమిక తరంగము ముందును, ద్వితీయ తరంగము వెనుకను చేరును. వాని నడుమ వ్యవధిని బట్టి కంపకేంద్రమెంత దూరమో తెలియును. ఏ దిక్కో నమ్మకముగా తెలియదు. కనుక ఆ దూరముతో పటముమీద వృత్తము గీయుదురు. మూడు కేంద్రముల వృత్తములు కలిసిన చోటనే భూమి కంపించినది. దక్షిణార్ధగోళమున నేల తక్కువ, నీరెక్కువ. యంత్రములు నిలుపుటకు చోటులు కొద్ది. మైత్రి గీయునది ఒక్క వృత్తమే. తక్కిన రెండును పలుమారులు పరదేశపు యంత్రములు గీయవలసినవే.