కనకాంబరమా? మల్లెపువ్వా? ముందు వేరు చూడండి

మదనపల్లె మార్కెట్లో టమాటా రేటు ఒకరోజు ఆకాశంలో ఉంటుంది, ఇంకోరోజు రోడ్డు పక్కన ఉంటుంది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటింది. కోత కూలి కూడా రాక అదే టమాటాను చేలోనే వదిలేసిన రోజులూ మీకు తెలుసు. అందుకే పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు చిన్న రైతుల్లో చాలామంది "బోరు కింద పాతిక సెంట్లు పూలతోట వేస్తే చేతిఖర్చుకైనా వస్తుంది గదా" అనుకుంటారు. ఆలోచన మంచిదే. అయితే ఏ పూలు వేయాలి?

మన ఎర్ర గరప నేలల్లో ఒకసారి నాటితే కొన్నేళ్ళు నిలిచి పూసే మొక్కల్లో ముందు గుర్తొచ్చేవి రెండు. ఒకటి కనకాంబరం, రెండోది గుండుమల్లె. దండలో పక్కపక్కనే ఉంటాయి గానీ, చేలో వీటి నడత వేరు. ఎక్కువ డబ్బు దేనికొస్తుందని అడిగే ముందు మీ భూమికి, మీ నీటికి, మీ ఇంట్లో ఉన్న చేతులకు ఏది సరిపోతుందో చూసుకోండి.

ఒకటి చిల్లర, ఒకటి మూట

కనకాంబరం నాటిన రెండు మూడు నెలలకే పూతకొస్తుంది. గట్టి వానల్లో తగ్గినా ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. రోజు విడిచి రోజు కోయాలి. పువ్వు చాలా తేలిక. కిలో తూగాలంటే వేలాది పూలు కావాలి. బాగా సాకితే ఎకరాకు ఏడాదికి సుమారు 8 క్వింటాళ్ళు వస్తాయి. అంటే పది సెంట్లకు 80 కిలోలు, కోతకు అరకిలో లోపు. చిల్లరగా వచ్చినా ఆగకుండా వస్తుంది. తోట రెండు మూడేళ్ళు గిట్టుబాటుగా ఉంటుంది.

మల్లె అలా కాదు. నాటిన ఆరు నెలలకు నాలుగు మొగ్గలు కనబడినా, చెప్పుకోదగ్గ దిగుబడి మూడో ఏడు నుంచే. ఆ తర్వాత పది పదిహేనేళ్ళు తోట మీదే. ముదిరిన తోట ఎకరాకు 30 క్వింటాళ్ళ పైనే ఇస్తుంది. అయితే అందులో ఎక్కువ భాగం మార్చి నుంచి జూన్ లోపలే వస్తుంది. మిగతా నెలల్లో అంతంత మాత్రమే. చలికాలంలో చెట్టుకు విశ్రాంతి.

నాటే ముందు టమాటా మొక్క పీకండి

మన ప్రాంతంలో అందరూ మరిచిపోయే సంగతి ఇది. టమాటా, వంగ పండించిన కయ్యల్లో నులిపురుగులు చేరి ఉంటాయి. ఇవి కంటికి కనబడవు. మట్టిలో ఉండి వేరును తింటాయి. కనకాంబరానికి పెద్ద శత్రువు ఇవే. వీటి వెంట ఎండుతెగులు కూడా వస్తుంది. నారు బాగానే లేస్తుంది, మొదటి పూతా వస్తుంది. ఆ తర్వాత మొక్క గిడసబారి, ఆకులు ఎర్రబడి, మడిలో అక్కడక్కడా ఎండిపోతుంది. రైతేమో నీళ్ళు చాలలేదనుకొని ఇంకా నీళ్ళు కడతాడు. అసలు రోగం వేరులో ఉంది.

కాబట్టి ఆ కయ్యలో పాత టమాటా మొక్కలు ఉండగానే నాలుగు చోట్ల పీకి, వేర్లు కడిగి చూడండి. వేరు మీద ఉబ్బుగా బుడిపెలుంటే నులిపురుగు ఉన్నట్టే. వేరుశనగ వేరు మీద బుడిపెలతో దీన్ని పొరబడవద్దు. అవి గోటితో గిల్లితే రాలిపోతాయి, అవి భూమికి మేలు చేసేవి. ఇవి రాలవు, వేరే ఉబ్బి ఉంటుంది. బుడిపెలు లేకపోయినా వేర్లు నల్లబడి ఉంటే అనుమానించాల్సిందే. సందేహముంటే వేర్లు, మట్టి ఒక సంచిలో వేసి రైతు సేవా కేంద్రంలో గానీ, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి.

బుడిపెలున్న కయ్యలో ఆ ఏడు కనకాంబరం వద్దు. ఒక కారు బంతి వేయండి. బంతి వేర్ల వల్ల నులిపురుగు తగ్గుతుంది, పూలు అమ్ముకుంటే పెట్టుబడీ వస్తుంది. మల్లెకు నులిపురుగు సోకదని కాదు, కానీ మొదటి ఏడాదే తోటను కూల్చే బెడద కనకాంబరానికే ఎక్కువ.

కనకాంబరం సాకే తీరు

పది సెంట్లకు 200 గ్రాముల విత్తనం చాలు. కొత్త విత్తనమైతేనే బాగా మొలుస్తుంది. కాయలకు తడి తగిలితే పటపట పగిలి విత్తనం ఎగిరిపోతుంది, అందుకే ఎండుకాయను ముందే కోసి పెట్టుకోవాలి. ఢిల్లీ కనకాంబరం రకానికి విత్తనం కట్టదు, కొమ్మ ముక్కలతోనే పెంచాలి. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క కనక, అర్క అంబర లాంటి రకాలు విడుదల చేసింది.

రెండు నెలల నారును బోదెల మీద రెండడుగులు, ఒక అడుగు దూరంలో నాటండి. పది సెంట్లకు దాదాపు 2,200 మొక్కలు పడతాయి. ఆఖరి దుక్కిలో ఒక టన్ను మాగిన పశువుల ఎరువు, 40 కిలోల వేపపిండి వేయండి. ఇంట్లో పుంగనూరు పొట్టి ఆవు ఉంటే దాని పేడ ఎరువు ఇక్కడ వాడండి. వీటితోపాటు యూరియా 3 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 15 కిలోలు, పొటాష్ 4 కిలోలు వేసి, మూడు నెలలకు మరో 3 కిలోల యూరియా వేసుకోవాలి. ఎండిన మొక్కను వేరుతో సహా పీకి కాల్చేయండి, కయ్యలో వదలవద్దు.

ఇది కొద్దిపాటి నీడకు ఓర్చుకుంటుంది. కొబ్బరి చెట్ల నడుమ, పెరట్లో నీడపట్టున కూడా వేసుకోవచ్చు. నీళ్ళు నిలిస్తే మాత్రం తట్టుకోదు.

మల్లె సాకే తీరు

మల్లెకు నిండా ఎండ కావాలి. అడుగున్నర గుంతలు నాలుగు అడుగులకొకటి తీసి, ఒక్కో గుంతకు పది కిలోల పశువుల ఎరువు వేసి, జూన్ నుంచి నవంబరు లోపల వేరొచ్చిన కొమ్మలు నాటండి. పదిహేను సెంట్లకు 400 మొక్కలు పడతాయి.

మల్లెలో అసలు పని కత్తిరింపు. ఇది చేయక చెట్టును పొదలా వదిలేసి "పూత రాలేదే" అనుకునేవాళ్ళున్నారు. నవంబరు చివర్లో, ముసురు పట్టి ఉంటే డిసెంబరులో, నీళ్ళు ఆపి నేలకు అడుగున్నర ఎత్తున కొమ్మలు కత్తిరించాలి. ఎండు కొమ్మలు, రోగపు కొమ్మలు తీసేయాలి. కొత్త చిగురు మీదే మొగ్గ వస్తుంది. ముదిరిన చెట్టుకు ఏడాదికి యూరియా 130 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 750 గ్రాములు, పొటాష్ 200 గ్రాములు కావాలి. సగం కత్తిరింపు కాగానే, సగం జూన్-జూలైలో వేయండి.

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము చాలనట్టు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి పిచికారీ చేయండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలుతుంటే మొగ్గ ఈగ, మొగ్గకు రంధ్రం కనబడితే మొగ్గతొలుచు పురుగు. అలాంటి మొగ్గలు ఏరి కాల్చడం మొదటి మందు. ఈ పూలు తలలో పెట్టుకునేవి, దేవుడికి పెట్టేవి. కోత ముందు పురుగుమందు కొట్టవద్దు.

ఏది దేనికి పనికొస్తుంది?

కనకాంబరానికి వాసన లేదు, రంగే దాని సొత్తు. మల్లెకంటే ఎక్కువసేపు వాడకుండా నిలుస్తుంది. మరువం, మల్లెలతో కలిపి కట్టే దండకు ఇది ఉండాల్సిందే. కోసిన పూలు తడిగుడ్డలో చుట్టి పంపవచ్చు. మల్లె విలువంతా వాసనలో ఉంది, ఆ వాసన ఒక్క రాత్రిదే. నిండిన మొగ్గను తెల్లవారకముందే కోసి, విచ్చుకోకముందే మార్కెట్టుకు చేర్చాలి. బస్సు తప్పితే ఆ రోజు కష్టం పోయినట్టే. కుప్పం వాళ్ళకు బెంగళూరు రైలు ఉంది, పుంగనూరు పల్లెల వాళ్ళు ముందు బస్సు టైము చూసుకొని తోట వేయాలి.

మల్లె విరగబూసేది వేసవిలో. అప్పుడు పెళ్ళిళ్ళుంటాయి, రేటు పలుకుతుంది. అందరి తోటలూ ఒకేసారి పూస్తాయి కాబట్టి పడిపోవడమూ అప్పుడే. కనకాంబరం ఆషాఢంలో కాస్త తగ్గినా శ్రావణానికి లేచి కూర్చుంటుంది.

నీరు, చేతులు

ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు ఎంత పోస్తుంది? మల్లె ఎక్కువ నీళ్ళు అడిగేది అప్పుడే. నిలదొక్కుకున్న చెట్టు చావదు గానీ మొగ్గ తగ్గిపోతుంది. కనకాంబరానికి ఏడాదంతా వారానికో తడి కావాలి. దేనికైనా డ్రిప్పు మేలు.

ఇక కోసేదెవరు? పూలతోట కోత చాలావరకు ఇంట్లో ఆడవాళ్ళ మీదే పడుతుంది. ఆ కూలి ఎవరూ లెక్క రాయరు. రాయండి. కోతకు ఎన్ని గంటలు పట్టిందో, ఊళ్ళో కూలి రేటు ఎంతో వేసి, పూల డబ్బులో తీసేస్తే మిగిలేదే లాభం. ఇంట్లో ఒక్కరే ఉంటే పాతిక సెంట్లు కనకాంబరం వేయవద్దు, నడుము విరిగిపోతుంది.

మా సలహా ఇది. భూమి శుభ్రంగా ఉంటే పదిహేను సెంట్లు మల్లె, పది సెంట్లు కనకాంబరం వేయండి. మల్లె కాపుకొచ్చే దాకా కనకాంబరం ఇంటి ఖర్చు చూస్తుంది. కనకాంబరం ముసలిదయ్యేసరికి మల్లె చేతికొస్తుంది. ఆ పది సెంట్లలో అప్పుడు ఒక కారు బంతి వేసి, మళ్ళీ వేర్లు చూసుకొని కనకాంబరం నాటుకోండి.