ఒంటికి తెలిసిన కరువు లెక్క

మధ్యాహ్న భోజనం గంట కొట్టినా పదో తరగతి అమ్మాయి ఒకతె బెంచీ దగ్గరే ఉండిపోయింది. ఆకలి లేదంది. మూడు రోజులుగా అదే మాట. పక్కకు పిలిచి అడిగితే, "పండక్కి నాలుగు కిలోలు తగ్గాలి టీచర్" అంది. ఇదివరకు కూడా ఇలాగే పస్తులుండి తగ్గిందట. మానేయగానే తగ్గినదానికన్నా ఎక్కువే పెరిగిందట. "నాకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

తప్పు నిజంగా ఆ పిల్ల నోటిదేనా? ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ హిగిన్సన్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మెక్‌నమారా ఈ విషయం మీద కంప్యూటర్‌తో లెక్క కట్టి 2016లో ప్రచురించారు.

వాళ్ల లెక్కలో ఉన్నది ఒక ఊహా జంతువు. ఇప్పుడు మేత దండిగా ఉందో, కరువుగా ఉందో దానికి తెలుసు. ఆ స్థితి ఎప్పుడు మారుతుందో మాత్రం తెలియదు. ఒంట్లో కొవ్వు చాలకపోతే కరువులో చస్తుంది. మరీ ఎక్కువైతే దానివల్లా ముప్పే. మరి ఎంత దాచుకోవాలి? కరువు అరుదుగా వచ్చేచోట కొంచెం చాలు. మాటిమాటికీ వచ్చేచోట, మేత దొరికినప్పుడల్లా ఎక్కువ తిని దాచుకోవడమే మేలని తేలింది.

ఇది మన రైతుకు తెలిసిన సంగతే. కాలువ కింద సేద్యం చేసేవాడు గాదె కాస్త వెలితిగా ఉన్నా బెంగపడడు. వానను నమ్ముకున్నవాడు పండిన ఏడు గాదె నింపి పెడతాడు. ఒంటికి పండగ సంగతి తెలియదు. అన్నం రాలేదంటే కరువొచ్చిందనే అనుకుంటుంది. పస్తులు పదేపదే పెడితే, తిండి దొరికిన నాడు గాదె నింపుకుంటుంది.

ఇది నమూనా మాత్రమే, మనుషుల మీద చేసిన పరీక్ష కాదు. అయితే అమెరికాలో కెవిన్ హాల్ బృందం మనుషులనే కొలిచి చూసింది. బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి, ఆ ఫలితాలను 2016లో ప్రకటించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు, అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి, ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఒళ్లు అన్నేళ్లపాటు పొదుపు మానలేదన్నమాట.

ఈ లెక్కను చింతగింజలతో తరగతిలో ఆడించాను. తలా అయిదు గింజలతో మొదలు. రోజుకు రెండు ఖర్చు. పాచిక వేసి మేతో కరువో చూడాలి. మేత పడితే అయిదు గింజల దాకా తీసుకోవచ్చు, కరువు పడితే ఏమీ రావు. గింజలు అయిపోతే ఆట నుంచి తప్పుకోవాలి. పదికి మించి దాచినవాళ్లు మరోసారి పాచిక వేయాలి. ఒకటి పడితే పులికి చిక్కినట్టే. మొదటి ఆటలో ఆరు పడితేనే కరువు. రెండో ఆటలో నాలుగు, అయిదు, ఆరు ఏది పడినా కరువే.

రెండో ఆటలో పులి భయం ఉన్నా పిల్లలు గుప్పిళ్లు నింపుకున్నారు. అందరికన్నా ఎక్కువ దాచింది ఆ అమ్మాయే. ఎందుకమ్మా అంటే, "మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలీదు కదా టీచర్" అంది. ఆ మాట అన్నాక తనే కాసేపు మాట్లాడలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల ఒంటిని చుట్టాల ముందు వెక్కిరించకండి. బరువు గురించి బెంగ ఉంటే డాక్టరుకు చూపించండి. ఎదిగే వయసులో పస్తులు వద్దు. వేళకు అన్నం, చిరుతిళ్లు తగ్గించడం, సాయంత్రం ఆట ఏడాది పొడవునా సాగాలి. పెద్దలకైనా, పస్తుకన్నా రోజూ కొంచెం తగ్గించి తినడం, ఒంటికి పని చెప్పడం మేలన్నదే ఆ పరిశోధకుల మాట కూడా.

ఆ అమ్మాయి ఇప్పుడు గంట కొట్టగానే కంచం పట్టుకుని వరుసలో నిలబడుతోంది. నేనూ పిల్లలతో కలిసి అక్కడే తింటున్నాను.