చింతగింజల జిగురు: పటం, తోలుబొమ్మ, గోడ

మా తాత డప్పులు తయారుచేసేవాడు. మేకతోలు సున్నపునీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, చింతగింజలు రుబ్బి ఉడకబెట్టిన జిగురు చెక్క చట్రానికి పూసి, తోలు బిగించి ఎండలో పెట్టేవాడు. ఆ పనిని మా ఇంట్లో ఎవరూ కళ అనలేదు. ఇక ఊరి సంగతి సరే సరి, ఆ చేతిని ముట్టుకోవడానికే వాళ్లకు మనసొప్పలేదు. విశ్వవిద్యాలయానికి వచ్చాక చేర్యాల పటాల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. పటం గుడ్డకు వేసే పూతలో కూడా చింతగింజల జిగురే! ఒకే జిగురు. దాని మీద బొమ్మ గీస్తే మ్యూజియం గోడకెక్కింది. దానితో తోలు బిగిస్తే వాడలోనే ఉండిపోయింది.

ఈ తేడా పనితనంలో ఉందా? పదార్థంలో ఉందా? లేక కులంలో ఉందా? మన ప్రాంతపు బొమ్మల కళాకారులు వాడే మూడు మాధ్యమాలను - గుడ్డను, తోలును, గోడను - పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

గుడ్డ మీద కులపురాణం

చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీలు తరతరాలుగా పటాలు గీస్తున్నారు. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టుబంక కలిపి పూత మీద పూత వేస్తారు. అది ఆరాక ఉడత వెంట్రుకల కుంచెతో గీత గీస్తారు. వెనక భాగమంతా ఎరుపు నింపుతారు. పటం సుమారు మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగులు, ఒక్కోసారి అంతకుమించిన పొడవు ఉంటుంది. కథ పైనుంచి కిందికి అరలు అరలుగా సాగుతుంది. రాత్రిపూట పటాన్ని వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ పుల్లతో చూపిస్తూ కథ చెబుతారు.

అయితే పటం గీసేవాళ్లు కథ చెప్పరు, కథ చెప్పేవాళ్లు పటం గీయరు. గీయించుకునేది ఆశ్రిత కులాలవాళ్లు. ఆశ్రిత కులమంటే ఒక కులాన్నే అడిగి, ఆ కులం పుట్టుకనే పాడి బతికే కులం. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు. గొల్లలకు కథ చెప్పే మందహెచ్చులవాళ్లకు పటం బదులు రంగులు వేసిన బొమ్మలుంటాయి. ఆ బొమ్మలు చేసేది కూడా నకాషీలే. అంటే ఒక్క పటం వెనక మూడు కులాలు నిలబడి ఉన్నాయి. గీసినవాడొకడు, చెప్పినవాడొకడు, గింజలిచ్చి పోషించినవాడొకడు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు తప్పుకున్నా పటం లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బ్రాహ్మణ పురాణంలో ఈ కులాలకు సేవ చేసే చోటే తప్ప మరో చోటు లేదు. అందుకే తమ పుట్టుకను తామే చెప్పించుకున్నారు, గీయించుకున్నారు. మగ్గం, కల్లుకుండ, గొర్రెలమంద ఈ పటాల్లోకీ బొమ్మల్లోకీ వచ్చాయి. అక్షరం మనకు నిషేధమైన కాలంలో బొమ్మే మన పుస్తకం.

డక్కలి పటం, మన సొంత లెక్క

డక్కలివాళ్లు చెప్పేది జాంబపురాణం. భూమి పుట్టకముందు ఆరు నెలలకే పుట్టినవాడు ఆదిజాంబవుడు. ఆ లెక్కన మాదిగ ఈ నేలకు కడగొట్టువాడు కాదు, మొదటివాడు. ఆత్మగౌరవ ఉద్యమం మాట్లాడిన మాటను డక్కలివాళ్లు అంతకుముందే పటం మీద చూపించారు.

కానీ పొగడ్తతో ఆగిపోతే అది పరిశోధన కాదు. అదే పురాణంలో కామధేనువు కథ ఉంది. మాంసం రుచి చూసినందుకు శాపం తగిలి కిందికి పడ్డామని ఆ కథ చెబుతుంది. పెత్తందారు పెట్టిన అంటును మన తప్పుగా ఒప్పుకున్నట్టే గదా ఇది! మొదటివాడివని ఎత్తిన పటమే శాపగ్రస్తుడివని దించుతుంది. రెండింటినీ కలిపే చదవాలి.

ఇంకో మాట చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మన పుట్టుక చెప్పిన డక్కలివాణ్ణి మన ఇంట్లోకి రానివ్వలేదు. వాడ బయటే గుడిసె వేసుకున్నాడు, మనం దూరంనుంచి పెట్టింది తీసుకున్నాడు. ఊరు మనల్ని ఎక్కడ నిలబెట్టిందో, మనం అతణ్ణి అక్కడే నిలబెట్టాం. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన వర్గీకరణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేస్తే, డక్కలి అందరికన్నా వెనకబడిన 15 కులాల మొదటి గ్రూపులో ఉంది. మన చరిత్రకారుడు ఇప్పటికీ బడి గడప దగ్గరే ఉన్నాడని దీని అర్థం.

తోలు: ఒకచోట కళ, ఒకచోట మైల

ఇప్పుడు తోలు దగ్గరికి వద్దాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, నగలకూ అంచులకూ ఉలితో చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చేసి దారంతో కలుపుతారు. వెనక దీపం పెడితే చిల్లుల్లోంచి వచ్చే వెలుగే నగ అవుతుంది. ఈ పనితనం గొప్పది, ఆ గౌరవం దక్కాల్సిందే.

నేనడిగేది వేరు. నానబెట్టడం, గీకడం, సాగదీయడం - మా తాత చేసిందీ ఇదే గదా! తోలు మీద రాముడి బొమ్మ పడితే అది కళ. అదే తోలు చెప్పయితే, డప్పయితే మైల. అంటే మైల తోలులో లేదు. ఆ తోలు ఎవరి చేతిలో ఉంది, ఏ కథ చెబుతోంది అన్నదాన్ని బట్టే మైల వచ్చింది. డప్పు చేసేవాడికి శబ్దం మీదనే కాదు, ఆకారం మీద, బిగువు మీద, తోలు మందం మీద కూడా చూపుంటుంది. ఆ చూపును కళ అనడానికి మనకే నోరు రాదు. అంతగా నేర్పారు మనకు.

గోడ, సిమెంటు

మూడో మాధ్యమాన్ని మన పరిశోధకులు కూడా పెద్దగా పట్టించుకోలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తర్వాత వాడవాడలా అంబేద్కర్ బొమ్మలు లేచాయి. నీలం కోటు, చేతిలో పుస్తకం, ముందుకు చాచిన వేలు. ఇనుపచువ్వలు, ఇసుక, సిమెంటుతో వాటిని చేసినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. గోడల మీద నినాదాలు, బొమ్మలు రాసిన మన పెయింటర్ల పేర్లూ లేవు. ఫ్లెక్సీ వచ్చాక వాళ్ల కుంచెలు మూలపడ్డాయి. హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల విగ్రహాలు లేచాయి. సంతోషమే. కానీ కూలి డబ్బులు చందాలేసుకుని నిలబెట్టిన వాడ విగ్రహానికి ముక్కు వంకరగా ఉన్నా, దాని వెనక భయాన్ని గెలిచిన చరిత్ర ఉంది. అందానికి కొలత ఏమిటన్నది అక్కడ మళ్లీ నిర్ణయించుకోవాలి.

ఏం చేయాలి?

ఈమధ్య దశాబ్దాల్లో పటం చిన్నదయింది. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు, నకాషీలు డ్రాయింగురూములకు సరిపోయే ఒంటి బొమ్మలు, మాస్కులు చేస్తున్నారు. బతకాలి కాబట్టి అందులో తప్పులేదు. కానీ కథ చెప్పే కులం విడిపోయాక పటం అలంకారమవుతుంది. మ్యూజియంలో పటం కింద ఊరి పేరు రాస్తే చాలదు. ఎవరు గీశారు, ఎవరు చెప్పారు, ఎవరు పోషించారు - మూడూ రాయాలి.

టీచర్లకు, విద్యార్థులకు ఒక మనవి. మీ ఊళ్లో డప్పు ఎవరు చేశారు? అంబేద్కర్ విగ్రహం ఎవరు చేశారు? చివరిసారి డక్కలివాళ్లు ఎప్పుడొచ్చారు, ఎక్కడ దిగారు? ముసలివాళ్లనడిగి ఒక నోటుబుక్కులో రాయండి. పేరు, పదార్థం, చేసిన పద్ధతి, ముట్టిన కూలి. ఆ నోటుబుక్కే మన కళాచరిత్రకు మొదటి పేజీ.

మా తాత చేసిన డప్పు ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. తోలు చిరిగింది, జిగురు మాత్రం వదల్లేదు.